జాడ అప్పగింత

మా ఊళ్లో నా ఉద్యోగం నేలచూపులు చూడటం.
హయేన్ కొండల కింద పశువు తప్పిపోతే
దొంగ వెంట కాదు, జాడ వెంట నడవాలి నేను,
గ్రనాడా హద్దున సున్నం కొట్టిన రాళ్లకుప్ప దాకా.
ఆ రాళ్లు దాటితే నా కళ్లకు చెల్లుబాటు లేదు.

రాజులు రాసుకున్న సంధిలో ఒక చిన్న వాక్యం ఉంది:
జాడ ఎవరి నేల మీద ఆగిపోతే
నష్టం ఆ ఊరు కట్టుకోవాలి.
అందుకని జాడను మోసుకెళ్లి
అవతలివాడి చేతిలో పెట్టాలి,
పిల్లను అప్పగించినట్టు,
సాక్షుల ముందు, పగటి వెలుగులో.

చేతిలో పెట్టడానికి ఏముంది,
మట్టిలో ఒక గిట్ట గుర్తు.
గాలి వీస్తే అదీ లేదు.
దాని మీద మూకుడు బోర్లించి
కొండ మీద పొగ వేసి కూర్చునేవాళ్లం.

ముఫర్రిజ్ మధ్యాహ్నానికి వచ్చేవాడు.
వాళ్ల జాడగాడు. ముందు గాడిదకు నీళ్లు పెట్టి
తర్వాత మోకాళ్ల మీద కూర్చుని
మూకుడు ఎత్తేవాడు, కూర ఉడికిందా అని చూసే మనిషిలా.
రెల్లుపుల్లతో కొలిచేవాడు.
"ఎద్దు. వెనక ఎడమకాలు కుంటుతోంది."
ఆమడ దూరం దాని వెంటే వచ్చాను,
కుంటుతోందని నాకు తెలీదు.

"పుచ్చుకున్నాను" అని వాళ్ల భాషలో ఒకసారి,
మా భాషలో ఒకసారి అనేవాడు.
అంతే. నా భుజం మీంచి ఎద్దు దిగిపోయేది.

ఒక్కోసారి ఒప్పుకునేవాడు కాదు.
"ఇది దూడ, ఫెర్రాన్, నీ కళ్లకు వయసొచ్చింది."
పొద్దుగూకేదాకా తగువాడేవాళ్లం.
వాళ్ల ఉపవాస మాసంలో నేను నీళ్లు తాగాలంటే
అతనే అటు తిరిగి కొండను చూసేవాడు.
నా సంచిలో పందిమాంసం ఉందని అతనికి తెలుసు.
లేనట్టే ఉండేది ఆ సంచి, మా ఇద్దరి మధ్య.

స్నేహమంటారా? ఏమో.
అతని అన్నను చంపినవాళ్లది ఏ ఊరో
ఒకసారి చెప్పబోయాడు.
మా ఊరి పేరు నాలుక మీదికి వచ్చేసరికి
లేచి గాడిద జీను సరిచేసుకున్నాడు.

ఆ ఏడు ద్రాక్షలు తొక్కే రోజుల్లో
జాడ అటునుంచి ఇటు వచ్చింది.
ఈసారి మూకుడు అతనిది. నేను ఎత్తాను.
చెప్పుల్లేని పాదం. ఎనిమిదేళ్లు ఉంటాయేమో.
మడమ ఆనలేదు, వేళ్లే దిగబడ్డాయి,
ఎవరో రెక్క పట్టి ఈడ్చినట్టు.
పక్కనే ఒక బూటు.
మడమకు అడ్డంగా తోలు మాసిక,
మూడు మేకులు, నాలుగోది ఊడింది.
ఆ మాసిక మా బావ పొయ్యి పక్కన కూర్చుని
నేను చూస్తుండగానే వేసుకున్నాడు.

ముఫర్రిజ్ ఏమీ అనలేదు. రెల్లుపుల్ల నా చేతికిచ్చాడు.

పది అడుగుల అవతల అంతా రాతినేల.
"వెనక్కి తిరిగింది, ఇటు రాలేదు" అంటే చాలు,
రాలేదని రాసుకుంటాడు లేఖరి.
గాలి కూడా లేస్తోంది.
ఆదివారాలు మా అక్క పెట్టే సెనగల పులుసు గుర్తొచ్చింది.
కొలిచాను. రెండుసార్లు కొలిచాను,
ఒకసారి సరిపోతుందని తెలిసీ.
"పుచ్చుకున్నాను" అన్నాను, మా భాషలో.
తర్వాత వాళ్ల భాషలో, తడబడుతూ.

పదకొండో రోజు పిల్లాణ్ణి రాళ్లకుప్ప దగ్గరికి తెచ్చాం.
వాళ్ల అమ్మమ్మ కాబోలు, వేళ్లు లెక్కపెట్టుకుంది,
చేతులవీ, కాళ్లవీ. అన్నీ ఉన్నాయని తేలాక
లాగి ఒక్కటి కొట్టింది, గొర్రెల్ని ఎక్కడొదిలావని.

ఆ ఆదివారం నుంచి
చర్చి బల్ల మీద నా పక్కన చోటు ఖాళీ.
మా అక్క ఎదురైతే
నేలచూపులు ఇప్పుడు తనవి.

సంధి గడువు తీరింది. మళ్లీ ఎవరూ రాసుకోలేదు.
జాడగాళ్లకు జీతం లేదు, కత్తివాళ్లకు ఉంది.
మొన్న అలవాటుగా కాళ్లు అటు తీసుకెళ్లాయి.
రాళ్లకు సున్నం వెలిసిపోయింది.
మూకుడు బోర్లించి ఉంది, మా వైపు నేల మీద.
ఎత్తి చూశాను.
చెప్పు గుర్తు, ఒక్కటే. ఎడమ పాదం, అంచు అరిగింది.
వేళ్లు మా ఊరి వైపు.
దానికి ముందూ లేదు, వెనకా లేదు.

కొలవలేదు.
సాక్షులు లేరు, అయినా పైకే అన్నాను
ఆ ఒక్క మాట, రెండు భాషల్లో,
మూకుడు మళ్లీ బోర్లించాను.