కుదింపు స్కేలు

ఆటోనగర్ నాలుగో క్రాస్‌లో
లేతు పొట్టు నూనెతో మెరిసే కాలవ దాటితే మా షెడ్డు.
బల్లమీద పంపు కేసింగు కూర్చుంది
నత్తగుల్ల తిరుగుడు కడుపుతో,
ఎక్కడా ఒక్క తిన్నని గీత లేని ఒళ్ళుతో.

దీన్ని కొలవడమంటే మొన్నటిదాకా
ఒకటిన్నర రోజు.
సర్ఫేసు ప్లేటుమీద జాకీలెత్తి మట్టం చేసి,
సుద్ద పూసి, హైటుగేజి ముల్లుతో గీసి,
కాలిపర్సు కాళ్ళు సందుల్లోకి దూర్చి
వేళ్ళ నమ్మకంతో మందం చదివి,
నూట నలభై కొలతలు రిజిస్టర్లో ఎక్కించేసరికి
వెనకాల ఇంకో ఆరు పోతపోసి చల్లారిపోయేవి,
తప్పుంటే ఆ తప్పుతోనే.

గుంటూరు నుంచి స్కానరు అద్దెకొచ్చింది
బైకు వెనక పెట్టెలో.
తెచ్చిన కుర్రాడు ఏసుపాదం
ముందు కేసింగుకి తెల్లపొడి కొట్టాడు,
పసిపిల్లకి స్నానమయ్యాక రాసినట్టు
మడతమడతకీ.
లైటార్పమన్నాడు.
నీలం చారలు ఇనుముమీద పాకాయి,
ఒంపు వచ్చినచోటల్లా అవీ ఒంగాయి.
పదకొండు నిమిషాలు.
నా టీ ఇంకా పొగలు కక్కుతూనే ఉంది.

తెరమీద మా కేసింగు రంగులేసుకుని లేచింది.
ఆకుపచ్చ ఉంటే సరి. నీలం లోటు. ఎరుపు మిగులు.
మెడ మలుపులో, ఫ్లాంజికి కాస్త కింద,
అరచేయంత ఎరుపు.
రెండు పాయింట్ ఒకటి.
బోల్టులకి స్పానరు తిరగట్లేదని
కోయంబత్తూరు వాళ్ళు ఏడింటినీ ఎందుకు తిప్పికొట్టారో
అప్పుడర్థమైంది.
రిజిస్టరు తిరగేశాను.
నూట నలభైలో ఆ చోటు లేదు.
డ్రాయింగు అడగలేదు, నేనూ అడగలేదు.

భోజనాల్లోపు ఏడూ చూశాం.
ఏడింటికీ అక్కడే ఆ ఎరుపు,
ఒక తల్లి పిల్లల పుట్టుమచ్చలా.
అయితే ఇసకది కాదు, ఫర్నేసుది కాదు.
తల్లిని తెమ్మని కబురంపాను.

టేకు ప్యాటర్ను భుజానేసుకుని లింగాచారి వచ్చాడు.
"చెక్కకెందుకమ్మా ముస్తాబు?" అన్నాడు.
తర్వాత ఒప్పుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు
బీడీ ముట్టించకుండా వేళ్ళ మధ్య తిప్పుతూ.

ఆయన స్కేలులో అడుగు మన అడుగుకంటే పొడుగు.
చల్లారేటప్పుడు ఇనుము వెనక్కి తగ్గుతుందని
ఆ తగ్గేదంతా ముందే కలిపి గీసిన గీతలు.
"అబద్ధం కొలిస్తేనే అమ్మాయ్,
పోతలో నిజం దిగుతుంది" అనేవాడు
నేను చేరిన కొత్తలో.

చెక్కమీదా ఎరుపొచ్చింది.
ఆచారి దగ్గరికొచ్చి
తెరని కాదు, చెక్కనే చూశాడు.
బొటనవేలితో ఆ మలుపు రెండుసార్లు రాశాడు.
"బుడమేరు మా సింగ్‌నగర్ ఇంట్లోకొచ్చిన రాత్రి
అన్నిటినీ అటకెక్కించాను.
ఇదొక్కటే పట్టలేదు."
ఇంకేం అనలేదు.
మేమూ అడగలేదు.

కాసేపటికి చిత్రిక తీశాడు.
"ఎంత తియ్యాలి?"
"రెండు పాయింట్ ఒకటి."
"మీ గీతల్లోనా, నా గీతల్లోనా?"
ఏసుపాదం తెరవంక చూశాడు.
అందులో ఆ ప్రశ్నకి మీట లేదు.
"నీ గీతల్లోనే, బాబాయ్."

పొట్టు చుట్టలు చుట్టలుగా నేలమీద పడుతోంది.
ఒకటి తీసి వాసన చూశాను.
టేకు.
దాని వెనకాల, ఎక్కడో లోపల,
బురద.