వదిలేసిన లైను

సాల్మియాలో నాలుగో అంతస్తు.
కింద హారిస్ అడిగితే
ఆ ఇంటికి చుట్టాన్నని చెప్తాను.
నా ఇఖామా మీద గృహిణి అని ఉంది,
బ్యాగులో ఎర్రపెన్నులు మూడు.

చేతనకి పద్నాలుగేళ్ళు. ఆల్జీబ్రా అంటే కోపం.
జవాబు ముందే తెలిసిపోతుంది దానికి,
మధ్యలో మెట్లు వెయ్యడానికే బద్ధకం.
"స్టెప్పు వదిలేస్తే మార్కు పోతుంది"
రెండేళ్ళుగా నాది ఇదొక్కటే గోల.

పోయిన నెల వాళ్ళమ్మ
సైన్సు ప్రాజెక్టు నన్నే రాసిపెట్టమంది,
పది దినార్లు ఎక్కువిస్తానంది.
రాయనన్నాను.
ఆ రాత్రి మా ఆయన్ని నిద్రపోనివ్వకుండా
మళ్ళీ మళ్ళీ చెప్పుకున్నాను ఆ సంగతి.
నిజాయితీ నాకంత చవగ్గా దొరికిందని
అప్పుడు తెలీదు.

ఇవాళ ఆవిడ జమియాకి వెళ్ళగానే
ఓబుళమ్మ వచ్చింది, చేతిలో టీ లేకుండా.
చున్నీ చాటున నాలుగు మడతల కాగితం.
"రోంత సూసి చెప్పు టీచరమ్మా,
ఏం రాసుండాదో.
రేపు యేలిముద్ర ఎయ్యాలంట."

ఇంగ్లీషు. ఐదే లైన్లు.
మూడో లైనులో
ఎనిమిది నెలల జీతం పూర్తిగా ముట్టిందని.
ముట్టింది ఐదు నెలలదేనని
ఇన్నాళ్ళ టీ కప్పుల మధ్య నాకు తెలుసు.

కాలే ఇసుక మీద చెప్పుల్లేని కాళ్ళలా
నా కళ్ళు ఆ లైను దాటేశాయి.
"జీతం రసీదేలే. మామూలుదే" అన్నాను.
నా ఫీజు, నా ఇఖామా, కింద హారిస్,
మా ఆయన ఆఫీసులో తిరుగుతున్న తీసేసేవాళ్ళ లిస్టు,
అన్నీ ఆ ఒక్క మాటలో దూరి కూచున్నాయి.

"అట్లనా" అంది. నమ్మింది.
కాగితం తీసుకునే ముందు
తడిచెయ్యి తుడుచుకుంది.

ఎక్స్ విలువ కడదామని పుస్తకం తిప్పాను.
చేతన పెన్సిలు కదల్లేదు.
పక్కనుంచి చదివిందని నేను చూసుకోలేదు.
"టీచర్," అంది, నా మొహంలోకి చూడకుండా,
"మీరు ఒక లైను వదిలేశారు."

ఆ కాగితం టైపు చేసింది వాళ్ళ నాన్న.
నాకంటే ఎక్కువ పోయేది ఆ పిల్లకే.

ఏసీ చప్పుడు. వంటింట్లో కుక్కర్ రెండో కూత.
"ఓబుళమ్మా, ఇట్రా ఒకసారి" అని
పిలిచింది నేనేనని చెప్పాలని ఉంది.
నేను నోరు తెరిచేలోపే
చేతన పిలిచింది.

తన కుర్చీ పక్కకి జరుపుకుని
ఇంకొకటి లాగింది.
ఓబుళమ్మ కూర్చోలేదు, వీపు పట్టుకుని నిలబడింది.
నేను మడతలు సాపు చేసి
మొదటి లైను నుంచి మొదలుపెట్టాను.