బండి కింద చూసుకోండి

రెండు రోజులు, మూడు పార్కులు.
సెఫీనా అట్టముక్క మీద రాసుకొచ్చింది,
ఎక్కడ ఎన్ని నిమిషాలో కూడా,
గోదాములో షిఫ్టు చీటీ రాసినట్టే.
కారు యెసేనియా వాళ్ల మామయ్యది.
శాన్ బెర్నార్డినో దాటకముందే
ఏసీ చేతులెత్తేసింది.
వెనక సీట్లో, నా ఒళ్లో ఐసు పెట్టె.
మూత సందులోంచి చల్లని బొట్టు
మోకాలి మీద పడ్డప్పుడల్లా
ఎవరో పేరు పెట్టి పిలిచినట్టుండేది.

గేటు దగ్గర రేంజరు, ఎల్డన్ అని జేబు మీద పేరు,
మా నీళ్లు లెక్కపెట్టాడు
ఎవరో అప్పు తీరుస్తుంటే లెక్కపెట్టుకున్నంత శ్రద్ధగా.
"చాలవు" అని
తన జీపులోంచి మరో రెండు డబ్బాలు తెచ్చి పెట్టాడు.
జూలైలో ఇక్కడికి మాలాంటి వాళ్లే వస్తారు,
చలికాలం సెలవు దొరకనివాళ్లు.
ఆ సంగతి అతనికి తెలుసు. అడగలేదు.

జాషువా చెట్లు దగ్గరికెళితే చెట్లలా లేవు.
బస్సు వెళ్లిపోయాక కూడా
ఎత్తిన చేతులు దించని మనుషుల్లా ఉన్నాయి.
బండరాయిని పట్టుకుంటే
పొయ్యి మీద మరిచిపోయిన పెనం.
సెఫీనా అరచెయ్యి ఊదుకుంటూ
"మా సమోవాలో ఇంత ఎండే, కానీ తడి ఎండ" అంది.
నలభై నిమిషాలు. పెన్సిలుతో అడ్డగీత కొట్టింది.

ఆంబోయ్ దాటాక రోడ్డు పక్కన ఉప్పు కయ్యలు.
తర్వాత ఏమీ లేదు.
ఆ ఏమీ లేకపోవడం గంటన్నర సాగింది.

కెల్సో ఇసుక దిబ్బల మీంచి
కూర్చుని జారితే ఇసుక మూలిగింది,
లోపల ఎవరో బరువైన బీరువా జరుపుతున్నట్టు.
యెసేనియా మళ్లీ ఎక్కింది, మళ్లీ జారింది,
ముప్పై నాలుగేళ్ల మనిషి, ఇద్దరు పిల్లల తల్లి.
అప్పుడే నాలుగు చినుకులు.
నాలుగంటే నాలుగే. నేల మీద పడకముందే సగం ఆరిపోయాయి.

కారు దగ్గరికొచ్చేసరికి
ముందు చక్రం వెనక నీడలో
తాబేలు.

అక్కడి బోర్డు మీద రాసే ఉంది:
కదిలే ముందు బండి కింద చూసుకోండి.
ముట్టుకోకండి.
దాని పొట్టలో ఏడాదికి దాచుకున్న నీళ్లుంటాయి,
బెదిరితే వదిలేస్తుంది,
వదిలితే ఈ వేసవి దాటదు.

సెఫీనా అట్ట వైపు చూసింది.
డెత్ వ్యాలీ: రాత్రి తొమ్మిది.

మేం పనిచేసే చోట చేతిలో స్కానరుంటుంది.
ఆరు నిమిషాలు అది చప్పుడు చెయ్యకపోతే
పైవాళ్లకి కబురు పోతుంది.
ఆ సాయంత్రం ముగ్గురం
కంకర మీద బోర్లా పడుకుని, గడ్డాలు చేతుల మీద పెట్టుకుని
ఒక ముసలి మొహాన్ని చూస్తూ ఉండిపోయాం.
అది ఒకసారి కన్ను మూసింది.
చాలాసేపటికి తెరిచింది.
నీళ్లు చేతులు మారాయి. ఎల్డన్ ఇచ్చినవే.
యెసేనియా తన విడాకుల సంగతి చెప్పింది,
ఎవరూ అడగకుండానే, తాబేలుకి చెబుతున్నట్టు.

చీకటి పడ్డాక కదిలింది.
ఒక కాలు. ఆలోచన. ఇంకో కాలు.
టార్చి వెయ్యలేదు మేము.
పొదలో గీరిన చప్పుడు విని
వెళ్లిపోయిందనుకున్నాం, అయినా ఇంకాసేపు కూర్చున్నాం.

మూడో పార్కు చూడలేదు.
అట్టముక్కని సెఫీనా విసనకర్ర చేసుకుంది.

సోమవారం తెల్లవారుజాము నాలుగు,
గోదాము ముందు కార్లు నిలిపే చోటు.
దిగి, ఎందుకో వంగి, బండి కింద చూశాను.
పక్క కారు దిగిన యెసేనియా ఏమీ అనలేదు,
తనూ వంగింది.
నూనె మరక ఒకటి.
లోపల గంట మోగింది.
ఆ మరక కేసి చూస్తూనే ఉన్నాం.