పట్టు, విడుపు

ఎనభయ్యో సంవత్సరం, మాఘ అమాస, శనివారం.
పట్టు రెండున్నరకని పంచాంగం,
విడుపు అయిదుకని రేడియో.
బసవనగుడి మొత్తం తలుపులేసుకుంది.
నీళ్ళబిందెల మీద గరిక, ఊరగాయ జాడీల మీద గరిక,
నెలలు నిండిన పక్కింటి తిమ్మక్క
మంచమ్మీద కదలకుండా, గోరు కూడా గిల్లుకోకుండా.

గుర్రానికి మాత్రం ఎవరూ చెప్పలేదు.

మా నాయన ఓబుళప్పది గవిపురంలో జట్కా.
నుదుట తెల్లమచ్చ ఉందని గుర్రం పేరు చుక్కి.
"గ్రహణం గుగ్గిళ్ళు అడగదు, ఇది అడుగుతాది"
అంటూ నాయన బండి కట్టినాడు.
అమ్మ తిట్టింది.
తిట్టేది నన్ను కాదు కదాని
తొమ్మిదేళ్ళ నేను ఎగిరి వెనక కూచున్నా.

బాడుగకు పిలిచింది నర్సు బెనెడిక్టమ్మ.
వాణీవిలాసు ఆసుపత్రిలో నాలుగింటికి డ్యూటీ.
నాలుగు జట్కాలు రామన్నాయంట, మాది అయిదోది.
"రాహువుకు భయపడి బిడ్డలు లోపల్నే ఉంటారా?"
అని నవ్వి, గొడుగు ముడిచి ఎక్కింది.

మూడుంబావు దాటినాక ఎండ పలచబడింది,
మజ్జిగలో నీళ్ళు పోస్తా పోయినట్టు.
నీడల అంచులు మాత్రం
బ్లేడుతో కోసినంత పదును.
కాకులు ఏదో గుర్తొచ్చినట్టు
లాల్‌బాగు దిక్కు బయల్దేరినాయి, అరవకుండా.
అరవకుండా పోయే కాకుల్ని నేను అంతకుముందు చూళ్ళేదు.
ఒక గద్ద కరెంటు స్తంభమ్మీద వాలి
దిగాల్నా ఎగరాల్నా అని ఆలోచించింది.
మోరీ పక్కన కీచురాయి ఎత్తుకుంది, ఆపింది,
మళ్ళీ ఎత్తుకుంది,
పద్యం సగమే వచ్చిన పిల్లోని మాదిరి.

మినర్వా దాకా పోలేదు.
నిద్రగన్నేరు కింద చుక్కి ఆగిపోయింది.
రోడ్డు మీద వేలవేల వెలుగు వంకలు,
ఆకుల సందుల్లోంచి రాలిన కొరికిన పొద్దులు,
లోకంలోని గుర్రాలన్నీ ఆ దారిన పోతా
లాడాలు ఊడ్చుకోని పోయినట్టు.
ముందరి కాలు ఎత్తింది. దించలేదు.
పైన ఆకులు జతలు జతలుగా
ముడుచుకుంటా ముడుచుకుంటా
సగంలో తేల్చుకోలేక నిలబడినాయి.

అప్పుడు చుక్కి బండితో సహా వెనక్కి తిరిగింది.
గవిపురం దిక్కు.
పొద్దు గూకింది, పని అయింది, కొట్టానికి పదమని.
కొరడా పట్టుకున్న నాయన చెయ్యి
గాల్లోనే ఉండిపోయింది.
అది తప్పు చెయ్యలేదు కదా మరి.
దాని లెక్కలో సాయంత్రమైతే సాయంత్రమే.

నర్సమ్మ దిగింది.
రొమ్మున వేలాడే గడియారాన్ని చేత్తో పట్టుకొని
చుక్కి దవడ కింద రెండు వేళ్ళు పెట్టింది.
పెదాలు కదిలిస్తా లెక్కబెట్టింది.
"బయపడింది పాపం, మా లేబర్ వార్డు మాదిరే" అనింది.
మేం ముగ్గురం నిలబడినాం.
ఖాళీ వీధి. ఎక్కడో ప్రెషర్ కుక్కర్ విజిల్,
గ్రహణం పట్టించుకోని ఇల్లొకటి ఉన్నట్టుంది.

రాయచూరు దగ్గర పూర్తిగా మింగిందంట.
మాకు ఒక గోటి కొన మిగిల్చింది.
ఆ కొనే నెమ్మదిగా వెడల్పయింది.
ఎవరి పెరట్లోనో కోడి కూసింది,
ఆ రోజుకు అది రెండోసారి.
నేల మీది లాడాలు లావెక్కి గుండ్రంగా అయినాయి.
చుక్కి ఎత్తిన కాలు దించి,
ఏం జరగనట్టు పేడ వేసి,
తనంతట తానే తిరిగి ఆసుపత్రి దారి పట్టింది.

బెనెడిక్టమ్మ ఇరవై నిమిషాలు ఆలస్యం.
రిజిస్టర్‌లో కారణం కాడ
"గుర్రం" అని రాస్తానని చెప్పింది.
రాసిందో లేదో తెలీదు.
బాడుగ కంటే ఒక రూపాయి ఎక్కువిచ్చింది, గుగ్గిళ్ళకు.

ఆ పూట అసలు సాయంత్రం వచ్చింది.
ఆకాశం రోజూ మాదిరే ఎర్రబడింది,
కాకులు ఈసారి అరుస్తా వచ్చినాయి.
ఉలవలు ఉడికిన వాసన కొట్టంలోంచి పిలుస్తావుంది.
చుక్కి లోపలికి రాలేదు.
వాకిట్లో నిలబడి, చెవులు నిక్కించి,
పడమటి దిక్కే చూస్తావుంది,
ఇంకోసారి మోసపోయేది లేదన్నట్టు.

నాయన పిలవలేదు.
లాంతరు పట్టుకొని, అది నమ్మేదాకా
పక్కనే నిలబడినాడు.