ఎగువన తమ్ముడు

తెల్లారి ఐదున్నరకి ఆటు మొదలవుతుంది.
అప్పుడు మా పని.
రెండు ట్రాక్టర్లు, ఒక లోడరు,
మెడలో వేలాడే చిన్న పసుపు పెట్టె.
గాలిలో విషం పెరిగితే అది కూస్తుంది.
కూస్తే బండి వదిలేసి పరుగెత్తాలి.
శిక్షణలో నేర్పింది అంతే.

బ్రిటనీ తీరం, జూలై.
ఇసుక కనిపించదు.
మోకాటి లోతు పాచి,
పైన ఎండకి తెల్లటి పెచ్చు కట్టి
లోపల కుళ్ళుతూ.
మురిగిన కోడిగుడ్ల వాసన
జుట్టులో, రొట్టెలో, దిండు గలీబులో.
ఊరు చూడ్డానికొచ్చినవాళ్ళు ముక్కు మూసుకుని
ఒక ఫోటో తీసుకుని వెళ్ళిపోతారు.
నేను బకెట్ దించి, ఎత్తి, ట్రాలీలో పోసి
మళ్ళీ దించుతాను.
లెక్క రాసేదీ నేనే.
నిన్న నలభై ఒకటి. ఇవాళ ముప్పై ఎనిమిది.

ఏరు వచ్చి కడలిలో కలిసే చోట
పాచి మరీ చిక్కన.
ఆ ఏటి వెంటే పైకి ఆరు కిలోమీటర్లు నడిస్తే
మా తమ్ముడు గుల్వెన్ పందుల షెడ్డు.
తొమ్మిది వందల పందులు.
షెడ్డు కింద గొయ్యి.
గొయ్యి నిండితే ట్యాంకరు,
ట్యాంకరు నిండితే మొక్కజొన్న చేను.
చేను తాగగలిగినంత తాగుతుంది.
మిగిలిందంటారా,
నీరు పల్లమెరుగు.

ఆదివారం భోజనాల దగ్గర ఈ మాట ఎవరమూ ఎత్తం.
వాడు వండిన మాంసం నేను తింటాను.
బాగుంటుంది, అబద్ధమెందుకు.

ఒక్క ఆదివారం మాత్రం
మూత బిగించిన డబ్బా పట్టుకెళ్ళి
ఉప్పు గిన్నె పక్కన పెట్టాను.
వాడు మూత తీశాడు. వెంటనే పెట్టేశాడు.
"ఇదంతా నాదొక్కడిదేనా, అజెనోర్?"

కాదు.
ఏటికి ఇటు పదిమంది, అటు పదకొండుమంది,
దాణా అమ్మినవాడు, అప్పు ఇచ్చిన బ్యాంకు,
ఇంకా చవగ్గా కావాలన్న సూపర్ మార్కెట్టు,
పళ్ళెం నాకి లేచిన నేను.
తిలా పాపం తలా పిడికెడు.
ఎత్తేటప్పుడు మాత్రం
పిడికెళ్ళతో తెమలదురా తమ్ముడూ.

వాడు కాఫీ ముట్టలేదు.
నేను పళ్ళేలు కడిగి వచ్చేశాను.

అక్టోబరులో ఫోను.
"నాన్న కొట్టించేసిన గట్టు
ఎక్కడ ఉండేదో నీకేమైనా గుర్తుందా?"

గుర్తుండకేం.
చేనుకీ ఏటికీ మధ్య నడుమెత్తు మట్టి కట్ట,
దాని మీద ఓక్ చెట్లు, హేజెల్ పొదలు,
నా గౌను చింపిన ముళ్ళ తీగ.
నాకప్పుడు ఏడేళ్ళు.
బుల్డోజరు వచ్చిన రోజు నాన్న కొత్త చొక్కా వేసుకున్నాడు.
నాలుగు చెక్కలు కలిసి ఒకటే చేనైంది.
ఆ రాత్రి ఇంట్లో సీసా తెరిచారు.

తాడు పట్టుకుని ఇద్దరం కొలిచాం.
"ఇంకో రెండడుగులు ఇటు" అంటే
ఎదురు చెప్పకుండా మేకు పీకి పాతాడు.
పందుల్ని ఏడు వందలకి తగ్గించాడు,
చలికాలమంతా ట్యాంకరుకి తాళం,
కోతైన చేలో పచ్చిరొట్ట జల్లాడు.
అప్పుకి బ్యాంకు ఏమందో చెప్పలేదు.
నేనూ అడగలేదు.

నీళ్ళ నమూనాలు పట్టడానికి వచ్చే పిల్ల, రోజెన్,
సీసా వెలుతురుకి ఎత్తి చూస్తూ అంది:
"వాన భూమిలోకి దిగి, మెల్లగా నడిచి, ఏట్లో తేలడానికి
ఇక్కడ పన్నెండేళ్ళు పడుతుంది.
ఇది అప్పటి నీరు."

పన్నెండేళ్ళ కింద ట్యాంకరు నడిపింది నాన్న.

అంటే ఈ వేసవంతా నేను ఎత్తింది
ఆయన పోసింది.
చచ్చిపోయిన మనిషి కిందకి దిగి వస్తూనే ఉన్నాడు,
ఇంకా కొన్నేళ్ళు వస్తాడు.
తమ్ముడి వంతు ఆ తర్వాత.

మళ్ళీ జూలై.
మంగళవారం పసుపు పెట్టె రెండుసార్లు కూసింది.
రోజూ సాయంత్రం వాడి ఫోను: "ఎన్ని?"
"నలభై మూడు."
షెడ్డు తలుపు మీద సుద్దతో రాసుకుంటాడు,
తగ్గితే కొట్టేద్దామని కాబోలు.

నిన్న పైకి వెళ్ళి చూశాను.
కట్ట మీద ఆల్డర్ మొక్కలు
నా మోకాటి దాకా వచ్చాయి.
కింద పాచి కూడా అంతే ఉంది.