ఆవగింజంత

బారో ఊళ్ళో ఏ సందులోంచి తలెత్తినా
ఆ షెడ్డే అడ్డం.
మబ్బు కూడా దాన్ని చుట్టి పోవాల్సిందే.
దాని కడుపులో ఒక జలాంతర్గామికి
ఏళ్ళ తరబడి నెలలు నిండుతున్నాయి.

నేను దాన్ని పూర్తిగా ఎప్పుడూ చూళ్ళేదు.
నాకు తెలిసింది అతుకులే.
రాత్రి పన్నెండు దాటాక అందర్నీ బయటికి పంపి,
తాడు కట్టి, ఎర్ర దీపం వెలిగించి
ఉక్కుకి ఎక్స్‌రే తీస్తాను.
తెల్లవారుజామున ఫిలిం వెలుగు మీద పరిచి
గాలిబుడగ కోసం వెతుకుతాను.
ఆవగింజంత చాలు.
లోతుకి దిగాక సముద్రం అడిగేది
ఆవగింజంత సందే.

ముప్పై ఒక్క ఏళ్ళు.
"ఏం చేశావివాళ?" అని ఇంట్లో అడిగితే
"చూశాను" అంటాను.
ఏం చూశానో చెప్పనని సంతకం పెట్టాను.

ఈ మధ్య కోస్టా వచ్చాడు, పోర్ట్ అడిలైడ్ నుంచి.
మూడు దేశాలు చేతులు కలిపాయని టీవీలో చెప్పారే,
ఆ చేతుల్లో ఒకటి వీడిది:
చలికి పగిలి, రెండు జతల గ్లవ్స్‌లో దాక్కుని.
మొదటి వారం వాడికి అన్నీ బుడగలే.
నీటి మరకా బుడగే, వేలిముద్రా బుడగే.
రెండో నెలకి ఏదీ బుడగ కాదు.
"ఇదిగో, ఇప్పుడే నువ్వు ప్రమాదం" అన్నాను.

వాల్నీ వంతెన దగ్గర, గాలికి వీపు పెట్టి
చిప్స్ తింటూ అడిగాడు:
"ఇదెప్పుడైనా వాడతారా?"
"వాడారంటే మన పని చెడినట్టే."
"వాడకపోతే?"
"మన పని వల్లో, అదృష్టం వల్లో
ఎవరికీ తెలీదు."
సీగల్ ఒకటి వాలి
వాడి పొట్లంలోంచి పెద్ద ముక్క ఎత్తుకుపోయింది.
మూడు దేశాల ఒప్పందం దాన్నేమీ భయపెట్టలేదు.

పాము కరవక్కర్లేదు, బుస కొడితే చాలంటారు.
మా పాము బుస కూడా కొట్టదు.
ఎక్కడుందో తెలియకపోవడమే
దాని బుస.

మా నాన్న ఈ రేవులోనే
పైపులకి ఆస్బెస్టాస్ చుట్టేవాడు.
మధ్యాహ్నం విరామంలో ఆ తెల్లటి పొడిని ముద్దలు చేసి
మంచుబంతుల్లా ఒకరి మీదొకరు విసురుకునేవాళ్ళట.
అది చెప్తూ నవ్వేవాడు, నవ్వు దగ్గులోకి తిరిగేదాకా.
ఆసుపత్రిలో ఆయన ఎక్స్‌రేని
డాక్టరు కంటే ముందు నేనే చదివేశాను.
ఉక్కులో తప్పు నల్లగా పడుతుంది,
మనిషిలో తెల్లగా.
ఆయన చుట్టిన పైపుల జలాంతర్గామి
ఒక్క దెబ్బా కొట్టకుండా, ఒక్క దెబ్బా తినకుండా
పాతికేళ్ళు తిరిగి రేవులో పడుకుంది.
శత్రువెవరూ మా నాన్నని తాకనే లేదు.

వార్తల్లో మళ్ళీ అటువైపు దేశం.
దీవుల చుట్టూ ఓడలు, పటం మీద ఎర్ర బాణాలు,
టై కట్టుకున్న ఒకాయన గొంతులో ఉత్సాహం.
వాళ్ళూ ఒక షెడ్డు కట్టారట, మాదాన్ని మించింది.
ఉపగ్రహానికి కప్పు మాత్రమే కనిపించిందట.

ఆ కప్పు కింద ఈ వేళ
ఒకామె ఫిలింని వెలుగుకి ఎత్తి పట్టుకుని ఉంటుంది.
కళ్ళు మండుతూ ఉంటాయి.
పైవాడు గుమ్మంలో నిలబడి
గడువంటాడు, బ్యాండుమేళమంటాడు, మంత్రిగారంటాడు.
ఆమె పొరబడాలని నేను కోరుకోవాలి.
నాకు జీతమిచ్చేది దాదాపు అందుకే.
కోరుకోలేను.
ఏమ్మా, ఇంకోసారి చూడు, అనుకుంటాను,
ఎడమ మూల, అంచుకి దగ్గరగా. అది మరక కాదు.
దాని లోపల పడుకోబోయే కుర్రాళ్ళకి
ఇంకా గడ్డాలే సరిగ్గా రాలేదు.
సంతకం చెయ్యకు.

కోస్టా పిలుస్తున్నాడు.
బుడగో మరకో తేల్చుకోలేక
వేలు గాల్లోనే ఆపి నిలబడ్డాడు.
పక్కన వంగాను.
"దీపం కాస్త పెంచు."