బక్కమ్మ కొడుకు తూకం

మా అమ్మ పేరు బక్కమ్మ.
డైటింగు చేసి తెచ్చుకున్న పేరు కాదది.
ఆమె పుట్టినేడు పాలమూరుల వానల్లేవు,
తల్లికి పాలు గుడ్క లేవు.
ఆ బక్కమ్మ కొడుకుని నేను,
తొంభై నాలుగు కిలోలు.

ఉప్పల్ డిపోల కండక్టర్ని.
సీట్ల నడుమ నడుస్తుంటె
నాకన్న ముందు నా పొట్ట పోయి టికెట్ అడుగుతది.
డ్రైవర్ ఖాదర్ భాయ్ అద్దంల చూసి
"దానిక్కూడ ఒకటి కొట్టు మియా" అంటడు.

తార్నాక దవాఖానల
మూడు నెల్ల షుగరు లెక్క తీసిండ్రు.
డాక్టరమ్మ కాయితం మీద అన్నం అని రాసి
అడ్డం గీత కొట్టింది.
ఇడ్లి మీద, మైసూర్ బజ్జి మీద,
ఇరానీ చాయ్ మీద, అండ్ల ముంచే బిస్కెట్ మీద.
జొన్నరొట్టె కాడ జర ఆగి
సగం అని రాసింది.
"మీ తాతముత్తాతలు తిన్నట్టు తినాలండి" అన్నది ఆఖరికి.

మెట్లు దిగుకుంట సోంచాయించిన,
ఏ తాత?
పటేలింట్ల పెండ్లికి వరిబువ్వ పెడ్తరని
మూడు కోసులు నడిచి
పంక్తి లేసినంక చేరిన తాతనా?

ఇంటికొచ్చి చెప్పిన.
ఇయ్యాల్టి సంది నాకు బువ్వ ఒద్దమ్మా.
గంటె పట్టుకొని అట్లనే నిలవడ్డది.
కడిగిన బియ్యం మళ్ళ చేట్ల పొయ్యమన్నట్టు చూసింది.

"హబ్సిగూడల నాలుగంతస్తులకు ఇసుక మోసిన.
మొదటి కూలి పైసలకు అర్ధకిలో సన్నబియ్యం తెచ్చి
మూడిటికల మీద వండిన.
కూర లేదు, ఉప్పు కలుపుకున్న.
ఆ దినమే పట్నం మనిషినైన.
గట్క మొఖం మళ్ళ చూడనని ఒట్టు పెట్టుకున్న.
నువ్వేమో గా జొన్నల్నే తెస్తవ్,
అదీ సన్నబియ్యం కన్న ఎక్కువ పెట్టి!"

నా తాన జవాబు లేదు.

మొదటి వారం తల పగిలింది.
మెట్టుగూడ కాడ ఎవరో బిర్యాని పొట్లంతోని ఎక్కితె
చిల్లర సంచిల నా చెయ్యి వణికింది.
రెండు కోడిగుడ్లు, కార్జం ఫ్రై, గడ్డపెరుగు.
నాలుక్కేమో అన్నీ చుట్టాలే,
ఇంటి మనిషే లేనట్టు.

అమ్మ గోడ దిక్కు తిరిగి తినుడు మొదలు పెట్టింది,
నా కండ్లకు బువ్వ కనవడొద్దని.
ఇటు తిరుగమ్మా అంటె
"ఎలుగు కండ్లల్ల కొడ్తుంది" అంటది.
బల్బు ఆమె ఎన్క ఉన్నది.

వాన పడ్డ తెల్లారి లేపింది. పా, అన్నది.
భాగాయత్ ప్లాట్లల్ల,
ఈ స్థలం ఫలానా వారిది అన్న బోర్డు కింద వంగింది.
గంగపాయలి, తుమ్మి, ఎలుకచెవుల కూర.
నాకన్నీ గడ్డే.
ఆమె మాత్రం పేరు వెట్టి పిల్చి మరీ తెంపుతున్నది.
వాచ్‌మన్ ఉరికొచ్చి, ఒడి చూసి
"అవ్వా, అవి తింటరా?" అన్నడు.
"తినకుంటె నేను ఈడిదాన్క రాకపోదు బిడ్డా" అన్నది.

ఎల్లిపాయ ఏసి ఎగిచ్చింది.
చేదు, జర పులుపు, అంత మట్టి వాసన.
పళ్ళెం నిండ అదే, నడుమ గుడ్డు.
తినుకుంట ఆమె మొఖం చూసిన.
మురిపెం లేదు.
కరువుల చెయ్యి కలిపిన కూర
కొడుకు పళ్ళెంల పెట్టిన తల్లికి
మురిపెమేడిది?

మూడు నెల్లకు ఎనభై ఏడు.
బెల్టుకు మొలతోని ఇంకో బెజ్జం పొడిచిన.
దవాఖానకు అమ్మను గూడ తోల్కపోయిన,
మోకాళ్ళ నొప్పులంటె.
నర్సమ్మ ఆమెను మిషినెక్కిచ్చింది.
ముప్పై తొమ్మిది.
"అవ్వా, మూడు పూటలు మంచిగ తినాలె,
అన్నం, పప్పు, నెయ్యి."

బస్‌స్టాపు దాన్క అమ్మ నవ్వుతనే ఉన్నది.
"ఇన్నవారా? నాకు బువ్వ రాసిచ్చింది!"
ఆ చీటి నడిచినంత దూరం చేతులనే పట్టుకున్నది,
బొడ్ల సంచిల పెట్టుకోలె.

ఇప్పటికీ మాపటేళ
బియ్యం రెండు గిలాసలు కొలిచి పోస్తది.
యాదికొచ్చి ఒకటి మళ్ళ తీస్తది.
తీసేటప్పుడు నాలుగు గింజలు
తడి గాజులకు అంటుకుంటయ్.
వాటిని దులుపదు.